మగవాళ్ళ తలలకు పైన

నెస్టా ఒక్క కాలే లారీ మీద పెట్టింది. రెండోది ఇంకా నేల మీదే ఉంది. అంతలోనే ముందు వరసలో కూర్చున్న మగవాళ్ళు తలల మీద చేతులు పెట్టుకుని లేచి, ఎటు దారి దొరికితే అటు పరుగెత్తారు.

"దిగు! దిగవే కిందికి!" మా కోలివాటు ఊరి పెద్ద లెబాన్ గొంతు చించుకున్నాడు. "మగాళ్ళు కూర్చున్న చోట ఆడది పైకెక్కుద్దా? మా నెత్తిన మైల పోస్తావా?"

అది ప్రాంతీయ అసెంబ్లీ ఎన్నికల సభ. చర్చి ముందు మైదానంలో, మా కొండల మీద చెట్లు కొట్టే కంపెనీ లారీని అడ్డంగా నిలబెట్టి దాన్నే వేదిక చేశారు. పోటీలో ఉన్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఎక్కి మాట్లాడి దిగారు. అప్పటి మా సభ్యుడు క్యాస్పర్ అయితే వక్కా సున్నం నములుతూనే ఎండ నడినెత్తికి వచ్చేదాకా మాట్లాడాడు. మధ్యమధ్యలో పక్కకి తిరిగి ఉమ్మేశాడు. ఆ ఎర్రటి ఉమ్మి కింద కూర్చున్న ఒక ఆడపిల్ల జుట్టు మీద పడింది. పిల్ల తల్లి కిక్కురుమనకుండా పైగుడ్డ చెంగుతో తుడిచింది. ఆ ఉమ్మి మైల కాదట. నెస్టా పాదం మైలట.

నెస్టా కాలు తియ్యలేదు. "పెద్దాయనా, ఒక మాట అడుగుతా. మీ అమ్మ మిమ్మల్ని కన్నప్పుడు మీరు ఆవిడకి పైనున్నారా, కిందున్నారా?"

ఆడవాళ్ళ వైపునుంచి కిసుక్కున నవ్వు వచ్చింది. లెబాన్ ఏదో బూతు అనబోయి, పక్కకి చూసి మింగేశాడు. అక్కడ నెస్టా తమ్ముడు సెల్విన్ ఉన్నాడు. తమ్ముడు వింటుండగా అక్క ఒంటి గురించి ఎవడైనా మాట జారితే మా దగ్గర పందిని ఇచ్చుకోవాలి. సెల్విన్ ఎవరి మొహమూ చూడకుండా మైదానం దాటి వెళ్ళిపోయాడు. ఆ సెల్విన్ నా మొగుడు. నెస్టా నాకు వదిన.

లెబాన్ అక్కడికక్కడే తప్పు వేశాడు. పెట్టిన ఆ ఒక్క కాలికి ఒక పంది, ఒక గవ్వల దండ. మాట్లాడాలని ఉంటే లారీ వెనక్కి పోయి నేల మీద నిలబడి మాట్లాడుకోమన్నాడు. లారీ వెనక సభ విందు కోసం పందుల్ని కోశారు. పేగులు అక్కడే పడున్నాయి, ఈగలు ముసిరి ఉన్నాయి. వదిన అక్కడికే వెళ్ళింది. నోరు తెరిచి "వాటులావ కొండ మనది" అందో లేదో, క్యాస్పర్ మనిషి ఒకడు లారీ ఎక్కి ఇంజను స్టార్ట్ చేశాడు. నల్లటి పొగ ఆమె మొహాన కొట్టింది. ఆమె దగ్గుతూ మాట్లాడింది, వాడు ఇంజను రేపుతూ నవ్వాడు. ఒక్క ముక్కా ఎవరికీ వినపడలేదు. లారీ ముందు మగవాళ్ళు క్యాస్పర్ పంచిన బియ్యం సంచులకి, చేప డబ్బాలకి ఎగబడుతున్నారు.

ఈ మధ్య మా దీవుల రాజధాని హోనియారాలో ఒక హాలుకి నెస్టా పేరు పెట్టారు. నన్నూ పిలిచారు, వెళ్ళాను. ఆ క్యాస్పర్ కొడుకే వేదికెక్కి, మెడలో పూలదండ వేసుకుని, "స్త్రీలకి రాజకీయాల్లో దారి చూపిన మా తల్లి" అన్నాడు. వాళ్ళ నాన్న ఆమెని ఏ పేగుల మధ్య నిలబెట్టాడో వాడికి తెలియదా? తెలుసు. చచ్చినవాళ్ళ మెడలో దండ వెయ్యడానికి వీళ్ళకి సిగ్గు ఉండదు. కాలేజీ పిల్లలూ, పామాయిల్ తోటల్లో నడుం విరగ్గొట్టుకుంటున్న అక్కచెల్లెళ్ళూ, ఆ హాలు గోడల మీద రాయనిది మీకు నేను చెప్తాను.

నెస్టా నాయకురాలిగా పుట్టలేదు. పెళ్ళికి ముందే ఉత్తరపు మైదానాల్లో పామాయిల్ తోటలకి కూలికి పోయింది. పసిపిల్లల్ని వీపున కట్టుకుని ఆడవాళ్ళు రాలిన పళ్ళు ఏరుతుంటే, పక్క వరసలో పురుగుల మందు కొట్టించేవాళ్ళు. పిల్లల కళ్ళు ఎర్రగా వాచేవి. మేస్త్రీలు చూసీ చూడనట్టు పోయేవాళ్ళు. ఒకరోజు నెస్టా పళ్ళ గంప దించి, మేనేజరు జీపు వచ్చే దారిలో అడ్డంగా కూర్చుంది. ఆమె పక్కన ఇంకొకామె కూర్చుంది. సాయంత్రానికి దారి నిండిపోయింది. మందు కొట్టడం ఆగింది. నెస్టా పనీ ఆగింది.

ఊరికి తిరిగొచ్చాక అసెంబ్లీకి నిలబడతానంది. మా తీరంలో అంతకుముందు ఏ ఆడదీ అనని మాట అది. మొగుడి తరఫువాళ్ళు గుంపుగా వచ్చి, ఇల్లు కావాలో అసెంబ్లీ కావాలో తేల్చుకోమన్నారు. "ఇల్లు ఎలాగూ కారుతోంది, అసెంబ్లీకే పోతాలే" అంది. మొగుడు వెళ్ళిపోయాడు. ఎన్నికలో ఓడిపోయింది. మళ్ళీ నిలబడింది, మళ్ళీ ఓడిపోయింది. పిల్లలు దారిలో ఆమెని చూసి "గౌరవనీయురాలు వస్తోంది, లేవండి లేవండి" అని వెక్కిరించేవాళ్ళు. ఆమె కూడా దర్జాగా చెయ్యి ఊపుతూ పోయేది. లారీ ఎక్కబోయింది మూడోసారి.

ఆ మూడోసారి ఆమె అడుగుతున్నది ఒక్కటే. మా దగ్గర నేల తల్లి వైపునుంచి వస్తుంది. వాటులావ కొండ, దాని కింద రేవుదాకా ఉన్న నేల నెస్టా తల్లిది, ఆ తల్లి తల్లిది. మా ఏరు ఆ కొండలోనే పుడుతుంది. కానీ కొండ గురించి నలుగురిలో మాట్లాడే నోరు మాత్రం మగవాడిదే. మేనమామ, లేకపోతే తమ్ముడు. నేల ఆడదానిది, మాట మగవాడిది అని మా పెద్దలు చాలా గొప్పగా చెప్పుకుంటారు. ఆ నోట్లో కంపెనీ బిస్కట్ పెట్టింది. చెట్లు కొట్టుకోమని సెల్విన్ కొండ ఇచ్చేశాడు.

నా మొగుడు చెడ్డవాడు కాదు, అది నేను ఎవరి ముందైనా అంటాను. కంపెనీ వాళ్ళు నెత్తిన పసుపు టోపీ పెట్టి, బుల్డోజర్ తోలడం నేర్పారు. పుట్టినప్పటినుంచి ఎవరూ లెక్కచెయ్యని మనిషికి అంత పెద్ద యంత్రం చెప్పినట్టు వింటే ఎలా ఉంటుంది? తల తిరిగిపోయింది.

వదిన అతనితో పోట్లాడటానికి మా ఇంటికి వచ్చింది. కానీ మా దగ్గర ఈడొచ్చిన అక్కాతమ్ముళ్ళు ఎదురెదురుగా మాట్లాడుకోకూడదు, ఒక చాప మీద కూర్చోకూడదు, ఒకరి పేరు ఒకరు పలకకూడదు. ఆమె బయట తాటాకు గోడకి ఆనుకుని నిలబడింది. అతను గోడకి ఇవతల. ఇద్దరికీ అన్నీ వినపడుతున్నాయి. మధ్యలో చేమదుంపల కుండ దగ్గర నేను.

"డోరీన్, అతన్ని అడుగు, అమ్మ కొండని ఎవర్నడిగి ఇచ్చాడో."

నేను నోరు తెరిచేలోపే అతను, "ఆవిడకి చెప్పు, కొండ మాట చెప్పేది మగాళ్ళని. అది ఆచారం."

"అడుగు, ఆ ఆచారంలో బుల్డోజర్ ఎక్కడుందో."

అతను టోపీ చేతిలోకి తీసుకున్నాడు. "చెప్పు, పిల్లలకి రేకుల ఇల్లు వస్తదని."

"అడుగు, ఆ రేకుల ఇంట్లో కూర్చుని ఏ నీళ్ళు తాగుతారో. ఏట్లో నిన్న స్నానం చేశాడా? చేసి కళ్ళు తెరిచాడా?"

"చెప్పు, నాకు పనికి టైమైందని."

"నేనేమైనా టెలిఫోనునా?" అని గరిటె విసిరేశాను. ఇద్దరికీ నవ్వు వచ్చింది. గోడకి అటొకరు, ఇటొకరు నవ్వుకున్నారు. నవ్వు అయిపోగానే అతను టోపీ పెట్టుకుని కొండకి వెళ్ళిపోయాడు.

ఏరు అప్పటికే పాడైపోయింది. కొండ మీద చెట్లు పడ్డాక వానకి బురద దిగేది. బురద మీద నూనె రంగులు రంగులుగా తేలేది. కంపెనీ క్యాంపు వాళ్ళు పైన వాగు మీదే మరుగుదొడ్డి కట్టుకున్నారు. అదంతా మా బిందెల్లోకే వచ్చేది. పిల్లల కాళ్ళ మీద పుళ్ళు మానేవి కావు. వంటకని క్యాంపుకి తీసుకుపోయిన అమ్మాయిలు కడుపులతో తిరిగొచ్చారు. వాళ్ళని మైలపడ్డవాళ్ళు అన్నారు. పంపిన లెబాన్‌ని పెద్దమనిషి అన్నారు. ఆ ఏటి నీళ్ళే తాగుతూ, ఆ కంపు గాలే పీలుస్తూ, ఆడదాని కాలు తగిలితే మైల అని గంతులేసే ఈ మగజాతిని చూస్తే నాకు తిండి సహించేది కాదు.

ఇంతలో జునీటా ఒక పొరపాటు చేసింది.

జునీటా మా వీధిలో పిల్ల, కొత్తగా పెళ్ళైంది. తోటనుంచి దుంపల గంప నెత్తిన పెట్టుకుని రేవు దగ్గరికి వచ్చింది. కొండనుంచి దింపిన దుంగలన్నీ అక్కడే గుట్టలు వేస్తారు. ఆ దారి మా అమ్మమ్మల కాలం నాటిది, గుట్టలే మధ్యలో వచ్చాయి. రంపాల వాళ్ళు భోజనానికి కూర్చుని, ఒక మోటారు రంపాన్ని దారికి అడ్డంగా పడేశారు. నెత్తిన బరువు, కిందికి చూడలేదు. దాటేసింది.

"దాటింది! అది దాటింది!" అని కేకలు. తింటున్న అన్నం ఉమ్మేశారు. ఆడది దాటిన కత్తి, వల, తెడ్డు ఏదైనా మా మగవాళ్ళు ముట్టరు. ముడితే ఒళ్ళు కుళ్ళుతుందని, రక్తం కక్కుకుంటారని నమ్మకం. క్యాంపు బాస్ పరాయి దేశం మనిషి. అతనికేం తెలుసు? రంపం తీసి ఒకడి చేతిలో పెట్టబోయాడు. వాడు పాముని చూసినట్టు వెనక్కి గెంతాడు. ఇంకొకడి చేతిలో పెట్టబోయాడు. వాడు చెట్ల వెనక దాక్కున్నాడు. బాస్ మొదట నవ్వాడు, తర్వాత తిట్టాడు, చివరికి రంపాన్ని నేలకేసి కొట్టాడు. అది అక్కడే పడి తుప్పు పట్టింది. జునీటా మామగారికి లెబాన్ ఒక పంది తప్పు వేశాడు.

ఈ సంగతి ఏటి దగ్గర తిరగేసి మరగేసి చెప్పుకుని, పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. బాస్ ఎలా గంతులేశాడో జునీటా చేసి చూపించింది. ఒక్క సలోమి పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. మా ఊళ్ళో అందరికంటే పెద్దది, వదినకి తల్లి తరఫు బంధువు. కళ్ళు సరిగా కనపడవు. బట్ట పిండుతూ పిండుతూ ఆగి, "ఒక రంపం ఆగిందా?" అని అడిగింది. "ఒక్కటేనా?"

ఆదివారం చర్చి వంటపాకలో అందరం కలిశాం. కర్రపెండలం తురుముతూ కూర్చున్నాం. చర్చి ఆడవాళ్ళ సంఘం, మదర్స్ యూనియన్ విందుకని మగవాళ్ళకి చెప్పాం. ఓటింగు ఆ వారంలోనే. దుంగలు ఎక్కించుకోడానికి ఓడ వచ్చి సముద్రంలో లంగరు వేసుంది.

"ఆ ఓడ నిండితే ఇంకోటి వస్తుంది," అంది సలోమి పెద్దమ్మ. "అది నిండితే ఇంకోటి. మనం మైలంటున్నారుగా వాళ్ళు. సరే, మైలే. రంపాలు దాటుదాం. గొలుసులు దాటుదాం. ఆ పెద్ద యంత్రాన్ని కూడా దాటుదాం. ఎవడు ముడతాడో చూద్దాం."

పాకంతా గగ్గోలైంది. పాస్టరు భార్య ఎలెన్ చేతిలో తురుముడు పీట పడిపోయింది. "అమ్మో! తప్పు ఎన్ని పందులు పడుతుందో తెలుసా?"

"ఊళ్ళో అన్ని పందులుంటేగా," అంది జునీటా.

అందరూ వదిన వైపు చూశారు. ఆమె సంతోషిస్తుందనుకున్నాం. ఆమె మొహం మాడిపోయింది.

"నేను చెయ్యను," అంది. "సిగ్గు లేదా మీకు? వయసంతా మేం మైల కాదు, కాదు అని అరిచి చచ్చాను. మొగుడు పోయాడు. తమ్ముడు మొహం చూడడు. ఆ పేగుల మధ్య నిలబెడితే నిలబడ్డాను. ఇప్పుడు నేనే పోయి, అవునయ్యా, నా కాళ్ళ మధ్య విషముంది, జాగ్రత్త అని చూపించాలా? అసహ్యం! అలా గెలిచేదానికంటే ఓడిపోవడం నయం."

"నువ్వు ఓడితే నీకు నయమేమో," అంది పెద్దమ్మ. "నా మనవరాలి కాళ్ళ పుళ్ళకి నయమా?"

"పెద్దమ్మా, అది వాళ్ళ అబద్ధం. మనం దాన్ని ఎత్తుకుంటే..."

"అబద్ధం వాళ్ళదే. ఇన్నాళ్ళూ అది మన మెడకి కట్టారు. ఇవాళ వాళ్ళ కాళ్ళకే అడ్డం పడేద్దామంటున్నా. నువ్వు లోకం చూసినదానివి, నీకు మాట కావాలి. మాకు ముందు ఏరు కావాలే తల్లీ."

గొడవ పెరిగింది. ఒకామె వదిన వైపు, పదిమంది పెద్దమ్మ వైపు. ఎలెన్ ఏడుస్తోంది. నేను లేచాను. ఆ యంత్రం తోలేది నా మొగుడు. నేను దాటితే అతను ఇక దాన్ని ముట్టడు. మా రేకుల ఇల్లు పోతుంది, పసుపు టోపీ పోతుంది, నా కాపురం ఉంటుందో లేదో తెలియదు. "నేను దాటుతా," అన్నాను.

వదిన నా వైపు తిరిగింది. తర్వాత తురుము అంటిన చేతులు కడుక్కుంది.

"మీరందరూ ఒక మాట మీదున్నారు, నేను మీకంటే ఎక్కువ కాదు," అంది. "దాటండి. దాటితే పని ఆగుద్ది. కానీ మన మాట వినపడదు. నేను దాటను, ఎక్కుతా. ఆ దుంగల గుట్ట మీదికి. లారీ మీద చెప్పనివ్వనిది అక్కడ చెప్తా."

మర్నాడు చర్చి గంట మోగింది. గంటంటే ఖాళీ గ్యాస్ సిలిండర్, ఇనప చువ్వతో కొడతాం. తోటలకి పోతున్నట్టే గంపలు ఎత్తుకుని బయల్దేరాం. పక్క ఊళ్ళనుంచి కూడా ఆడవాళ్ళు బీచి వెంట వచ్చారు. రేవులో పని అప్పుడే మొదలవుతోంది. జునీటా ముందు నడిచి, వరసగా పేర్చిన రంపాల మీదుగా ఒక్కో అడుగు వేస్తూ దాటింది. ఆమె వెనక ఇంకొకరు, ఇంకొకరు. కొక్కేలు దాటాం, గొలుసులు దాటాం, నూనె పీపాలు దొర్లించి దాటాం. రంపాల వాళ్ళు తలల మీద చేతులు పెట్టుకుని చూస్తూ ఉండిపోయారు.

సెల్విన్ బుల్డోజర్ పక్కన నిలబడి ఉన్నాడు. దాని ముందుపలక నేలకి ఆని ఉంది. నేను అతని కళ్ళలోకి చూశాను. కట్టుగుడ్డ కొంచెం ఎత్తి పట్టుకుని పలక దాటాను. నా వెనకాల ఇద్దరు కలిసి సలోమి పెద్దమ్మని ఎత్తి దాటించారు. "ఇంతేనా?" అంది ఆవిడ. "ఇంకా పెద్దదేమో అనుకున్నా." సెల్విన్ చేతిలో తాళం చెవి బురదలో పడింది. అతను తీసుకోలేదు.

బాస్ అరుస్తూ వచ్చాడు. అతని వెనక క్యాస్పర్, లెబాన్. క్యాస్పర్ నాలుగు రోజుల్లో జరగబోయే ఓటింగు గుబులంతా మొహాన పెట్టుకుని, నవ్వుదామని చూస్తున్నాడు, కుదరడం లేదు. అప్పుడే వదిన చెప్పులు విడిచి గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది. జారింది, మళ్ళీ పట్టుకుంది. పైదాకా వెళ్ళి నిలబడింది.

"మగాళ్ళందరూ బయటికి!" లెబాన్ కేక వేశాడు. "దాని కింద ఎవడూ ఉండద్దు! దాని మాట ఎవడూ వినద్దు! విన్నోడు ఆడదానికింద లెక్క!"

మగవాళ్ళు నిజంగానే వెళ్ళిపోయారు. ఒక్కొక్కడూ తల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని రేవు అంచుకి పోయి, అటు తిరిగి నిలబడ్డారు. వదిన గుట్ట మీద ఒక్కతే ఉంది. ఎవరికి చెప్పాలి? మాకు చెప్పేది ఏముంది, మాకు తెలిసిందేగా. ఈసారి ఇంజను మోత కూడా లేదు, వినే మగవాడే లేడు. మళ్ళీ ఓడిపోయామనుకున్నాను.

సెల్విన్ ఒక్కడే ఇంకా వెళ్ళలేదు. పసుపు టోపీ తీశాడు. బుల్డోజర్ సీటు మీద పెట్టాడు. బురదలో నడుచుకుంటూ వచ్చి, సరిగ్గా వాళ్ళక్క పాదాల కింద, గుట్ట మొదట్లో కూర్చున్నాడు. రేవంతా చూస్తోంది. మా తీరంలో ఏ తమ్ముడూ చెయ్యని పని అది. పైకి చూడలేదు, నన్నే చూశాడు.

"డోరీన్," అన్నాడు, "ఆవిడకి చెప్పు. కొండ మాట ఇక నేను చెప్పను. ఇచ్చిన మాట తప్పు. అమ్మ కొండ, ఆవిడే మాట్లాడాలి. నేను వింటా."

ఆమె వింది. ఎందుకు వినదు, సరిగ్గా ఆమె కిందే కూర్చుని అన్నాడుగా. అయినా ఆచారం ప్రకారం నేను చెప్పాలిగా. రేవు అవతలి అంచుకి వినపడేలా, ఓడ మీద ఉన్నవాళ్ళకి వినపడేలా అరిచి చెప్పాను. వదిన మొహం రెండు చేతుల్లో దాచుకుంది. ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడే.

రంపాల వాళ్ళలో ఒకడు ఇటు తిరిగాడు. ఇంకొకడు నాలుగడుగులు వేశాడు. లెబాన్ తిడుతూనే ఉన్నాడు. ఒక్కొక్కరే వచ్చి సెల్విన్ పక్కన బురదలో కూర్చున్నారు.

"ఇంతసేపు మీ తలల మీద నిలబడ్డాను," అంది వదిన. "ఎవడి తలన్నా పగిలిందా? తడుముకుని చూసుకోండి."

ఇద్దరు ముగ్గురు నిజంగానే తడుముకున్నారు. అందరం నవ్వాం.

"ఎవడన్నా రక్తం కక్కాడా? లేదుగా. మరి మీ పిల్లల కాళ్ళ మీద ఆ పుళ్ళెక్కడివి? నా కాళ్ళు దాటితే వచ్చినవా, ఏట్లో కంపెనీ వాళ్ళు పోసిందాంతో వచ్చినవా? మీ అమ్మ మైల, మీ అక్క మైల, మీ పెళ్ళాం మైల. పైన వాగులో దొడ్డికి కూర్చునేవాడు మాత్రం దొరగారు! క్యాస్పర్ ఉమ్మేస్తే పిల్ల నెత్తిన మోసింది. మీకు రోత పుట్టలేదా? నాకు పుట్టింది. ఈ కొండ నా తల్లిది. నేను ఇవ్వను. మీ ఊళ్ళ కొండలు మీ తల్లులవి. వాళ్ళని అడక్కుండా ఎవడన్నా మాట ఇస్తే అది చెల్లదు. అసెంబ్లీలో నేను అనబోయేది ఈ ఒక్క మాటే. నన్ను పంపితే అక్కడంటా. పంపకపోతే ఇక్కడే అంటా, రోజూ ఎక్కి అంటా."

అప్పటికే కంపెనీ రేడియోలో కబురు పోయింది. పోలీసుల ఫైబర్ పడవ అలల మీద ఎగురుతూ వచ్చింది. ఇన్‌స్పెక్టరు దిగి ఆమెని కిందికి రమ్మన్నాడు. అనుమతి లేకుండా కంపెనీ స్థలంలోకి వచ్చిందట, అదీ నేరం. తన తల్లి నేల మీద నిలబడ్డదాన్ని పట్టుకుని చొరబాటుదారు అన్నారు. పక్కనుంచి క్యాస్పర్ ఇన్‌స్పెక్టరు చెవిలో ఏదో ఊదుతున్నాడు. ఓటింగు అయ్యేదాకా లోపల ఉంచమని కాకపోతే ఇంకేముంటుంది?

పోలీసులు కదల్లేదు. వాళ్ళూ ఈ దీవుల్లో తల్లులు పెంచినవాళ్ళే. గుట్ట కిందికి వెళ్ళాలంటే ఆమె కాళ్ళ కిందికి వెళ్ళాలి. ఒకడు చొక్కా కాలరు సర్దుకుంటూ నిలబడ్డాడు, ఇంకొకడు బూట్లు చూసుకున్నాడు. చివరికి బాస్ ఓడ మీద కాపలావాళ్ళని పిలిచాడు. వాళ్ళకి మా ఆచారం లేదు, మా సిగ్గూ లేదు. ఇద్దరు పైకి పాకి ఆమె చీలమండ పట్టుకుని లాగారు. ఆమె దుంగల మీదుగా దొర్లుకుంటూ వచ్చి, నుదురు చిట్లి, సెల్విన్ ఒళ్ళో పడింది. ఈడొచ్చాక ఆ అక్కాతమ్ముళ్ళు ఒకర్నొకరు ముట్టుకున్నది అదే మొదలు. సెల్విన్ ఆమెని వదల్లేదు. లాఠీలతో చేతుల మీద కొట్టి విడదీశారు.

బేడీలు వేసి నీళ్ళలోంచి పడవకి నడిపిస్తుంటే, ఆమె వెనక్కి తిరిగింది. మొహం సగం రక్తం.

"డోరీన్! ఆ చోటు ఖాళీగా ఉంచకండే!"

నా పక్కనే ఉన్న సలోమి పెద్దమ్మ కర్ర పారేసింది.

"ఎత్తండే నన్ను," అంది. "చస్తే చస్తా, పైనుంచి ఒకసారి సముద్రం చూసి చస్తా."

ఎత్తాం. కిందనుంచి నేనూ జునీటా తోశాం, పక్కనుంచి ఎలెన్ పట్టుకుంది. సెల్విన్ వీపు వంచి మెట్టులా నిలబడ్డాడు. పెద్దమ్మ అతని భుజం మీద కాలు పెట్టి ఎక్కింది. ఆవిడ వెనక నేను ఎక్కాను, ఎలెన్ ఎక్కింది, పక్క ఊరివాళ్ళు ఎక్కారు, పిల్లని చంకనేసుకుని ఆ ఎర్ర ఉమ్మి తుడిచిన తల్లి ఎక్కింది. పైన చోటు చాలక పక్క గుట్ట ఎక్కారు. అదీ చాలక లారీ ఎక్కారు, బుల్డోజర్ ఎక్కారు. కింద మగవాళ్ళు కదలకుండా కూర్చున్నారు.

ఇన్‌స్పెక్టరు మోకాలి లోతు నీళ్ళలో ఆగిపోయి మా వైపు చూశాడు. ఒక చివరనుంచి ఇంకో చివరదాకా చూశాడు. తర్వాత తన వెనక అలల మీద ఊగుతున్న పడవని చూసుకున్నాడు.

వాళ్ళు తెచ్చింది ఒక్క పడవే.